అలల మీద అన్నం

గాలివాటున సాగే తెరచాప పడవ. అందులో ఆరుగురు. నలభై రోజుల పాటు కనుచూపుమేరలో నేల ఉండదు. కిరాణాకొట్టు ఉండదు. కొళాయి ఉండదు. పడవేమో ఎప్పుడూ ఓ పక్కకు ఒరిగే ఉంటుంది. అయినా వేళకు పొయ్యి వెలగాలి, అందరి కడుపూ నిండాలి. ఎవరూ బలవంతం చేస్తే వచ్చినవాళ్లు కాదు. ఇష్టపడి, పేరిచ్చి మరీ ఎక్కినవాళ్లు. అలాంటివాళ్లకు అన్నం పెట్టడమంటే మాటలా!

మంజీర చేరే తీరం

కామారెడ్డి జిల్లాకు ఓ కొసన ఉంటుంది మద్నూర్. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడ... మూడు భాషలూ ఒకే బస్టాండులో వినిపిస్తాయి. నల్లరేగడి నేల, పత్తి చేలు, జొన్న రొట్టెలు. సముద్రానికీ ఆ ఊరికీ ఏ చుట్టరికమూ లేదనిపిస్తుంది. కానీ ఉంది, మంజీర రూపంలో. మద్నూర్‌కు తూర్పుగా పారే మంజీర, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కణ్నుంచి ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు దాటి ధవళేశ్వరం చేరుతుంది. ఆ తర్వాత గౌతమీ పాయ పట్టుకుని వెళ్తే యానాం, ఆ పక్కనే కోరంగి.

ఇప్పుడు కోరంగి అనగానే మడ అడవులూ, వాటి మధ్య పడవ షికారూ గుర్తొస్తాయి. 18, 19 శతాబ్దాల్లో మాత్రం అది పేరుమోసిన ఓడరేవు. ఓడలు కట్టే ఊరు కూడా. ఇక్కడినుంచి తెరచాప ఓడలు బంగాళాఖాతం దాటి వెళ్లేవి. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచారంటే ఆ రేవు పేరు ఎంతదూరం పాకిందో అర్థమవుతుంది. 1789లో ఓసారి, 1839 నవంబరులో మరోసారి వచ్చిన ఉప్పెనలు ఆ వైభవాన్ని తుడిచిపెట్టేశాయి. పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే విద్య మాత్రం ఆ తర్వాతా బతికింది. తెరచాప, చుక్కాని, లంగరు, సరంగు, తండేలు, కళాసీ... ఇవన్నీ తెలుగువాళ్ల నోట నలిగిన మాటలే. ఏ పుస్తకంలోంచో వచ్చినవి కావు.

కోరంగి దాటి వెళ్లిన ఆ నీళ్లమీదే, అదే హిందూ మహాసముద్రంలో, 2017లో ఇద్దరు తెలుగమ్మాయిలు ఓ తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టడానికి బయల్దేరారు.

యాభైఆరడుగుల ఇల్లు

ఆ పడవ పేరు ఐఎన్‌ఎస్‌వీ తారిణి. ఒడిశాలోని గంజాం జిల్లాలో కొండమీద కొలువైన తారాతారిణి అమ్మవారి పేరు పెట్టారు. నావికులను ఆ తల్లి కాపాడుతుందని నమ్మకం. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో తయారైన తారిణిని 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేర్చుకున్నారు. పొడవు 56 అడుగులు. అంటే ఆర్టీసీ బస్సు కన్నా ఎక్కువే! అందులోనే పడకలు, వంటిల్లు, స్నానాలగది, సామాను కొట్టు, పటాలు పరుచుకునే బల్ల అన్నీ ఇమడాలి.

2017 సెప్టెంబరు 10న గోవాలో లంగరెత్తినప్పుడు అందులో ఉన్నది ఆరుగురు నౌకాదళ అధికారిణులు. సారథి వర్తికా జోషి. ఆమెతోపాటు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. దారిలో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లలో ఆగారు. చుక్కాని తిప్పే యంత్రం మొరాయించడంతో అనుకోకుండా మారిషస్‌లోనూ ఆగాల్సి వచ్చింది. 2018 మే 21న తిరిగి గోవా చేరేసరికి 254 రోజులు గడిచాయి. తిరిగిన దూరం 21,600 నాటికల్ మైళ్లు. దాదాపు 40వేల కిలోమీటర్లు!

అందరూ తుపాన్ల గురించే అడుగుతారు. పసిఫిక్‌లో గంటకు 100 కిలోమీటర్లు దాటిన గాలులూ, రెండతస్తుల మేడంత అలలూ వాళ్లకు నిజంగానే ఎదురయ్యాయి. కానీ అంతటి గాలిలోనూ తాడు లాగే చేతులకు బలం రావాలంటే ముందు తినాలి కదా. సముద్రయానంలో అసలు పరీక్ష మొదలయ్యేది ఒడ్డు మీదే, సరుకుల చిట్టా రాసేటప్పుడే.

చిట్టా తప్పితే అంతే సంగతులు

ఫ్రీమాంటిల్ చేరడానికి తారిణికి 43 రోజులు పట్టింది. లిటిల్టన్ నుంచి పోర్ట్ స్టాన్లీకి 40 రోజులు. ఇంట్లో లెక్కలాగే వేసి చూడండి. మనిషికి రోజుకు 200 గ్రాముల బియ్యం అనుకున్నా ఆరుగురికి 40 రోజులకు 48 కిలోలు. తాగడానికీ వంటకీ మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్లు 720 లీటర్లు. గాలి పడిపోతే ప్రయాణం పదిరోజులు పెరగొచ్చు, కాబట్టి పైన కొంత వేసుకోవాలి. అలాగని ఎడాపెడా నింపితే బరువు పెరిగి పడవ వేగం తగ్గుతుంది. పందేనికి వెళ్లే పడవలో అయితే ప్రతి కిలోకూ తగవే! బియ్యం బస్తా ఎక్కాలా, అదనపు తెరచాప ఎక్కాలా అన్నంత వరకూ వస్తుంది.

ఏది ఎన్నాళ్లుంటుందో తెలియడం రెండో విద్య. ఆకుకూరలు మూడోరోజుకే వాడిపోతాయి. పచ్చి టమాటాలను ఒక్కొక్కటిగా పాత న్యూస్‌పేపర్లలో చుట్టిపెడితే ఒకటొకటే పండుతూ రెండు మూడు వారాలు వస్తాయి. క్యాబేజీ పై రేకులు తీసేసుకుంటూ పోతే నెల ఆగుతుంది. ఉల్లి, బంగాళాదుంప చాలారోజులు ఉంటాయిగానీ రెంటినీ ఒకేచోట పెట్టకూడదు, దుంపలు త్వరగా మొలకలెత్తుతాయి. కడగని కోడిగుడ్లకు నూనె రాసి, వారానికోసారి తిప్పి పెడుతుంటే ఫ్రిజ్ లేకుండానే వారాల తరబడి నిలవుంటాయి. పచ్చికూర అయిపోయాక పెసలు తడిపి మొలకలు కట్టుకోవడమే. సముద్రం మధ్యలో అదే పెరటితోట.

ఇక డబ్బాలు. అడుగున పెట్టిన డబ్బాలకు తడి తగిలి కాగితాలు ఊడిపోతాయి. అప్పుడు ఏది బఠాణీయో, ఏది పండ్లముక్కలో తెలియదు. అందుకే ఎక్కించేముందే చెరగని సిరాతో మూత మీద పేరు రాసిపెడతారు. అనుభవం ఉన్నవాళ్లయితే ఏరోజుకారోజు సరుకు విడిగా సంచీలో కట్టేస్తారు. పదమూడో రోజు సంచీ పదమూడో రోజే విప్పాలి. మొదటివారమే బిస్కెట్లన్నీ అయిపోయాయనే గొడవ ఉండదు.

మన దేశపు యాత్రలకు మరో అండ మైసూరులో ఉంది. 1961లో మొదలైన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల అది. ఉప్మా, పులావు లాంటివాటిని వండి, గాలి చొరని సంచీల్లో నింపి, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి పాడవకుండా చేయడం అక్కడి శాస్త్రవేత్తల ప్రత్యేకత. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు భారతీయ వంటకాలు సిద్ధం చేసిందీ ఈ సంస్థే. వేడినీళ్లలో సంచీ వేసి తీస్తే చాలు, భోజనం తయారు. పొయ్యి దగ్గర నిలబడలేని తుపాను రోజున దీనికి మించిన వరం లేదు.

ఆలోచిస్తే ఈ విద్య మన ఇళ్లకు కొత్తేం కాదు. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో జొన్నరొట్టెను పెళపెళలాడేలా ఎండబెట్టి కడక్ రొట్టె చేస్తారు. వారాల తరబడి ఉంటుంది. పాతకాలపు తెరచాప ఓడల్లో నావికులు తిన్న గట్టి బిస్కెట్టుదీ ఇదే సూత్రం... తడి లేకుండా చేస్తే బూజు పట్టదు. పల్లికారం, సకినాలు, సున్నుండలు, ఆవకాయ ఇవన్నీ దూరప్రయాణాలకు పనికొచ్చేలా అమ్మమ్మలు కనిపెట్టినవే.

ఊగే పొయ్యి... కట్టుకున్న వంటమనిషి

తెరచాప పడవలో పొయ్యిని గట్టిగా బిగించరు. ఇరుసుల మీద వేలాడదీస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మాత్రం ఊయలలా ఊగి, నేలకు సమానంగా నిలుస్తుంది. గిన్నెలు జారకుండా చుట్టూ ఇనుప కమ్మీలు ఉంటాయి. వంట చేసేవాళ్లు నడుముకు పట్టీ కట్టుకుని, దాన్ని గోడకున్న కొక్కేనికి తగిలించుకుంటారు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉండాలి మరి!

ఈ వంటింట్లో అందరికన్నా నమ్మకమైన నేస్తం ప్రెషర్ కుక్కర్. మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఎంత ఊగినా ఒలకదు. గ్యాసూ ఆదా. పప్పూ బియ్యం కలిపి పెట్టేస్తే కిచిడీ. కాస్త మిరియాలు, నెయ్యి తగిలిస్తే పొంగలి. పళ్లేల్లో కాకుండా లోతైన గిన్నెల్లో వడ్డిస్తారు. ఒక చేత్తో గిన్నె, రెండో చేత్తో చెంచా. పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉంటే బాగుండనిపిస్తుందట నావికులకు! మంచినీళ్లు పొదుపు చేయాల్సి వచ్చినప్పుడు నడిసముద్రపు శుభ్రమైన ఉప్పునీళ్లను ఎసరులో కొద్దిగా కలుపుతారు. ఇక ఉప్పు వేయక్కర్లేదు. గిన్నెలు తోమడం ఎలాగూ ఉప్పునీళ్లతోనే.

ప్రమాదాలూ తక్కువేం కాదు. అల కొట్టినప్పుడు మరుగుతున్న నీళ్లు మీద పడి కాలడం ఈ వంటిళ్లలో తరచూ జరిగే ప్రమాదం. అందుకే గాలి ఎక్కువగా ఉన్నరోజున, లోపల ఉన్నా సరే, వాన ప్యాంటూ బూట్లూ తొడుక్కునే వండుతారు. గ్యాసుతో మరో భయం. వంటగ్యాసు గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు. పడవ అడుగున చేరి, చిన్న నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంటుంది. ఇంట్లో అయితే కిటికీ తెరవొచ్చు, బయటికి పరిగెత్తొచ్చు. ఇక్కడ పరిగెత్తేది ఎక్కడికి? అందుకే వంట అయిన వెంటనే సిలిండరు దగ్గరే కట్టేయడం పడవ ఎక్కిన ప్రతివాళ్లూ మొదటిరోజే నేర్చుకునే పాఠం.

ఎవరి వంతు వచ్చినప్పుడు తినాలన్నదానికీ ఓ పద్ధతుంది. సిబ్బంది జట్లుగా విడిపోయి, నాలుగేసి గంటలు కాపలా కాస్తారు. వంట ఆ మార్పిడి వేళకు సిద్ధం కావాలి. పైకి వెళ్లే జట్టు తిని వెళ్తుంది. కిందికి దిగిన జట్టు తిని పడుకుంటుంది. ఒక్క అరగంట ఆలస్యమైనా ఒకరికి ఆకలి, ఇంకొకరికి నిద్ర చెడుతుంది. అలా రెండు రోజులు జరిగితే మాట మాట పెరుగుతుంది. యాభైఆరడుగుల ఇంట్లో అలిగి ఎక్కడికి వెళ్తారు!

మొదటి రెండు మూడు రోజులు మరో తంటా. కడలి కుదుపులకు ఎంతటివాళ్లకైనా కడుపులో తిప్పుతుంది. అప్పుడు విందుభోజనం పెట్టకూడదు. అల్లం టీ, బిస్కెట్లు, పల్చటి జావ చాలు. తినకపోయినా పర్లేదుగానీ తాగకపోతే ప్రమాదం. ఒంట్లో నీరు పోయిందంటే మనిషి ఇట్టే చతికిలబడతాడు.

చేతికందే దూరంలో

అన్నం, నీళ్లు చేతికందే దూరంలో ఉండటం ఎంత ముఖ్యమో 2018 సెప్టెంబరులో దేశమంతటికీ తెలిసింది. భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ ‘గోల్డెన్ గ్లోబ్’ పందెంలో ఒంటరిగా ప్రపంచయాత్ర చేస్తూ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానులో చిక్కుకున్నారు. సెప్టెంబరు 21న తెరచాప కొయ్య విరిగింది. వెన్నుకు పెద్దదెబ్బ తగిలి లేవలేని స్థితి. పడవ నిండా సరుకులున్నాయి, కానీ అక్కడిదాకా వెళ్లే ఓపిక ఏదీ? దగ్గర్లో దొరికిన డబ్బా ఐస్ టీయే తాగారు. అదీ కడుపులో ఇమడలేదు, ఒకటే వాంతులు. మూడురోజుల తర్వాత, 24వ తేదీన ఫ్రెంచి నౌక ఒసిరిస్ వచ్చి కాపాడింది. అదే మనిషి మళ్లీ కోలుకుని, 2022లో మొదలైన అదే పందెంలో పాల్గొని, 2023 ఏప్రిల్‌లో రెండోస్థానంలో నిలిచారు.

మంచంలోంచి చెయ్యి చాపితే అందేలా నీళ్ల సీసా, కాసిని ఖర్జూరాలు, ఓ బిస్కెట్ పొట్లం ఉంచుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

పిలిచినవారిదే భారం

సుదూర పందేల్లో డబ్బు తీసుకుని పనిచేసే నావికులు కొందరే. మిగిలినవాళ్లంతా సెలవు పెట్టుకుని వచ్చే గుమాస్తాలు, టీచర్లు, వడ్రంగులు, డాక్టర్లు. పడవ యజమాని పిలుస్తాడు, వీళ్లు వస్తారు. జీతభత్యాలేమీ ఉండవు. ఏటా డిసెంబరు 26న ఆస్ట్రేలియాలో మొదలయ్యే సిడ్నీ-హోబార్ట్ పందెమే ఉదాహరణ. 628 నాటికల్ మైళ్ల ఆ పందెం 1945లో మొదలైంది. మొట్టమొదటి విజేత పడవ పేరేంటో తెలుసా... ‘రాణి’! బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఇల్లింగ్‌వర్త్ పడవ అది. ఆరున్నర రోజులకు పైగా పట్టింది గమ్యం చేరడానికి.

ఇలాంటి పడవల్లో ఓ రాయని ఒప్పందం ఉంటుంది. తన వాన దుస్తులు, దారి ఖర్చులు వచ్చినవాడివి. పడవ ఎక్కినప్పటినుంచి దిగేదాకా తిండి, నీళ్లు, పడక, ప్రాణరక్షణ సామగ్రి పిలిచినవాడివి. ఒడ్డు చేరాక అందరికీ ఓ మంచి భోజనం పెట్టడం కూడా అందులో భాగమే. ఒకరికి పాలు పడవు, ఒకరు మాంసం ముట్టరు, ఒకరికి వేరుశనగ తింటే ఒళ్లంతా దద్దుర్లు. బయల్దేరేముందే అడిగి రాసుకోవాలి. వేరుశనగ పడనివాడికి నడిసముద్రంలో ఊపిరాడకపోతే వైద్యుడు దొరకడు. అడగడం మర్యాద మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన సంగతి. 1998లో సిడ్నీ-హోబార్ట్ పందెం తుపానులో పడినప్పుడు బయల్దేరిన 115 పడవల్లో గమ్యం చేరినవి 44 మాత్రమే. ఆరుగురు చనిపోయారు. ఇష్టపడి వచ్చినవారి బాధ్యత పిలిచినవారిమీద ఎంతుంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ మర్యాద మద్నూర్‌వైపువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కనున్న మరాఠ్వాడాలో పండరిపురానికి కాలినడకన వెళ్లే దిండీలకు దారిలోని ఊళ్లు అన్నం పెడతాయి. నడిచేవాళ్లు ఎవరూ పిలిస్తే వచ్చినవాళ్లు కారు, అయినా ఆకలితో ముందుకు సాగనివ్వరు.

తారిణికీ పందెం అనుభవం ఉంది. 2022 నవంబరులో గోవా నుంచి కేప్‌టౌన్ వెళ్లి, 2023 జనవరి 2న మొదలైన ‘కేప్ టు రియో’ పందెంలో పాల్గొంది. దక్షిణ అట్లాంటిక్‌ను అడ్డంగా దాటించే ఈ పందెం వయసు అర్ధశతాబ్దం పైనే. 17వేల నాటికల్ మైళ్లు తిరిగి 2023 మేలో పడవ ఇంటికి చేరింది. ఆ సిబ్బందిలో ఉన్న దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులే తర్వాత అదే పడవలో ప్రపంచాన్ని చుట్టేశారు. 2024 అక్టోబరు 2న బయల్దేరి, 2025 మే 29న తిరిగొచ్చారు. ఆరుగురి పడవలో ఇద్దరే! ఒకరు పడుకుంటే రెండోవారే సారథి, వారే కాపలా, వారే వంటమనిషి. దారిలో ‘పాయింట్ నెమో’ మీదుగా వెళ్లారు. భూమ్మీద ఏ నేలకైనా అత్యంత దూరంగా ఉండే బిందువది. నెత్తిమీదుగా అంతరిక్ష కేంద్రం వెళ్తున్నప్పుడు అక్కడికి అందరికన్నా దగ్గరి మనుషులు వ్యోమగాములే!

రేవు చేరితే పండగే

నలభై రోజులు డబ్బా కూరలు తిన్నవాళ్లకు రేవులో కనిపించే యాపిల్‌పండే పరమాన్నం. తారిణి చేరిన రేవుల్లో అక్కడి పడవ క్లబ్బులూ, మన రాయబార కార్యాలయాలూ, ప్రవాస భారతీయులూ అమ్మాయిలకు స్వాగతం పలికారు. అయితే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఓ తిరకాసుంది. బయటినుంచి వచ్చే పండ్లు, కూరగాయలు, గుడ్లు, తేనె వంటివాటిని ఒడ్డుకు రానివ్వరు. పురుగులూ తెగుళ్లూ వస్తాయని భయం. తనిఖీ అధికారులు పడవెక్కి మిగిలినవన్నీ పట్టుకుపోతారు. కాబట్టి రేవు మూడురోజుల దూరంలో ఉందనగా ఉన్న ఉల్లిపాయలన్నీ వండేసుకోవడమే. పోర్ట్ స్టాన్లీది మరో రకం కథ. మూడువేల మంది కూడా లేని చలిదీవి పట్నం. తాజా పండ్లు దూరంనుంచి రావాల్సిందే. 

సాగర్‌లో తెరచాపలు చూడాలంటే...

ఇదంతా చదివాక తెరచాప పడవ చూడాలనిపిస్తే గోవాదాకా వెళ్లక్కర్లేదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ చాలు. వానాకాలంలో, గాలి బాగా వీచే జులై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరిట ఇక్కడ పందేలు జరుగుతాయి. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సంజీవయ్య పార్కు దగ్గరున్న యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్... మూడింటికీ ఈ నీళ్లే మైదానం. 15 ఏళ్లలోపు పిల్లలు నడిపే ‘ఆప్టిమిస్ట్’ పొడవు రెండడుగుల తక్కువ పదడుగులు కూడా ఉండదు. బరువు 35 కిలోలే. పేద కుటుంబాల పిల్లలు కూడా ఇక్కడ నేర్చుకుని జాతీయ పోటీలదాకా వెళ్లారు.

ఈ చిన్నపడవల్లో వంటిల్లుండదు. తిండి ఒడ్డు మీదే. కానీ పందెం జరిపించే కమిటీ పడవను ఓసారి గమనించండి. జెండాలు ఎగరేసేవాళ్లు, సమయం రాసేవాళ్లు, బూయలు సర్దేవాళ్లు... చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. చివరి పడవ గీత దాటేదాకా వాళ్లు ఒడ్డుకు రాకూడదు. ఎండ ముదిరాక చిన్న మోటారు పడవ ఒకటి వాళ్లవైపు బయల్దేరుతుంది. అందులో నీళ్ల క్యానూ, భోజనం పొట్లాలూ ఉంటాయి. గట్టుమీద పిల్లలతో వచ్చిన అమ్మానాన్నలు టిఫిన్ డబ్బాలు విప్పేదీ అప్పుడే.